రియాద్ నుంచి ఇంటికి ఎంత దూరం?

(ఈ వారం ఎపిసోడ్ పాఠం. మాట్లాడింది మాట్లాడినట్టే ఉంచాం, చదవడానికి వీలుగా అక్కడక్కడ కొంచెం సర్దాం.)

ఈ రోజు శుక్రవారం, చాలామందికి సెలవు. బట్టలు నానబెట్టి, ఫోను పక్కన పెట్టుకుని వింటున్నారని నాకు తెలుసు. నేనూ అలాగే వినేవాణ్ణి. ఈసారి నన్నే మాట్లాడమన్నారు. నేను రియాద్‌లో బిల్డింగు పనుల సూపర్‌వైజర్‌ని. ఉపన్యాసాలు రావు. తెలిసిన నాలుగు ముక్కలు చెప్తాను.

రెండు నెలల కింద మా క్యాంపుకి కోరుట్ల దిక్కు నుంచి ఒక పిల్లగాడు కొత్తగా వచ్చాడు. ఇరవై రెండేళ్లుంటాయి. మొదటి రోజు రాత్రి అన్నం ముందర కూర్చుని నన్ను అడిగాడు, "అన్నా, ఈడికెల్లి మా ఊరు ఎంత దూరముంటది?"

నేను నోరు తెరిచేలోపే చుట్టూ ఉన్నోళ్లు తలా ఒకటి చెప్పారు. ఎలక్ట్రీషియన్ "నాలుగున్నర గంటలు" అన్నాడు. ఇంకొకడు ఫోనులో చూసి "మూడువేల నాలుగు వందల కిలోమీటర్లు" అన్నాడు. వంట చేసే ఆయన "ఒక నెల జీతం" అన్నాడు. మూలకు కూర్చున్న స్టీల్ ఫిక్సర్ పెద్దాయన తల ఎత్తకుండానే "రెండేండ్లు" అన్నాడు. అందరూ నవ్వారు. ఆ పిల్లగాడు నవ్వలేదు.

నలుగురు చెప్పిందీ తప్పు కాదు. కానీ ఏ ఒక్కటీ పూర్తి జవాబు కాదు. పూర్తి జవాబు ఏమిటో నాకు 2017లో తెలిసింది. అది తర్వాత చెప్తాను. ముందు లెక్కలు చూద్దాం.

రియాద్ నుంచి హైదరాబాద్‌కు గాలిలో నేరు దూరం సుమారు 3,390 కిలోమీటర్లు. భూమి గుండ్రంగా ఉంది కాబట్టి, పటం మీద స్కేలు పెట్టి గీస్తే వచ్చే గీత అసలైన దగ్గరి దారి కాదు. బంతి మీద రెండు చుక్కలు పెట్టి వాటి మధ్య దారం బిగించి లాగండి, ఆ దారం ఎటు పోతే అదే దగ్గరి దారి. విమానాల దూరాలన్నీ ఆ దారం లెక్కే. ఐటీఐలో డ్రాయింగు నేర్చుకున్నా కూడా ఈ సంగతి నాకు ఇక్కడికి వచ్చాకే అర్థమైంది.

మిగతా ఊళ్లలో ఉన్నవాళ్ల కోసం అవి కూడా చెప్తాను. హైదరాబాద్ నుంచి మస్కట్ సుమారు 2,200 కిలోమీటర్లు. దుబాయ్ 2,550. దోహా 2,900. బహ్రెయిన్ 3,030. కువైట్ 3,370, అంటే దాదాపు రియాద్ అంతే. జెద్దా 4,100 దాటుతుంది. రియాద్, జెద్దా ఒకే దేశం గదా, ఒకటే దూరం అనుకుంటారు చాలామంది. జెద్దాలో ఉన్నవాళ్లకు ఇల్లు ఇంకో ఏడు వందల కిలోమీటర్లు ఎక్కువ దూరం.

మనం ఎక్కే విమానాలు పైకి చేరాక గంటకు 830 నుంచి 900 కిలోమీటర్ల వేగంతో పోతాయి. 3,390ని 830తో భాగిస్తే నాలుగు గంటలు, పైన కొన్ని నిమిషాలు. పైకి ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు వేగం తక్కువ. రన్‌వే దాకా నేల మీద నడిచే టైము కూడా ఉంటుంది. అన్నీ కలిపి రియాద్ నుంచి హైదరాబాద్‌కు నాలుగున్నర గంటల పైచిలుకు.

మరి తిరిగి వచ్చేటప్పుడు ఐదుంపావు, ఐదున్నర ఎందుకు పడుతుంది? అదే దూరం, అదే విమానం. మా సైటులో ఒకాయన భూమి తిరుగుతుంది కాబట్టి అంటాడు. అది కాదు. భూమితో పాటు గాలి కూడా తిరుగుతుంది, గాలిలో ఉన్న విమానమూ అంతే. అసలు కారణం పైన వీచే గాలి. పది, పన్నెండు కిలోమీటర్ల ఎత్తులో పడమర నుంచి తూర్పుకు గట్టి గాలి వీస్తుంటుంది. దాన్ని జెట్ స్ట్రీమ్ అంటారు. చలికాలంలో అది అరేబియా మీదుగా, ఉత్తర భారతం మీదుగా పోతుంది. బలంగా ఉన్నచోట గంటకు 200 కిలోమీటర్లు కూడా దాటుతుంది. ఇంటికి పోయేటప్పుడు ఆ గాలి మన వెనక నుంచి తోస్తుంది. పనికి తిరిగి వచ్చేటప్పుడు ఎదురొస్తుంది. మన మనసుకు తగ్గట్టే ఉంది కదా. వానాకాలంలో ఆ గాలి ఉత్తరానికి జరుగుతుంది, అప్పుడు తేడా తగ్గుతుంది.

ఇక టికెట్టు చదవడం. ఇక్కడే మనోళ్లు ఎక్కువ దెబ్బ తింటారు కాబట్టి నిదానంగా చెప్తాను.

టికెట్టు మీద బయలుదేరే టైము రియాద్ టైము, దిగే టైము హైదరాబాద్ టైము. మనకూ ఇంటికీ రెండున్నర గంటల తేడా. ఇక్కడ రాత్రి ఎనిమిదైతే అక్కడ పదిన్నర. ఉదాహరణకు, రాత్రి 11:00కి బయలుదేరి పొద్దున 6:10కి దిగుతుందని టికెట్టు మీద ఉందనుకోండి. చూస్తే ఏడు గంటల పది నిమిషాలు అనిపిస్తుంది. అందులోంచి రెండున్నర తీసేస్తే నాలుగు గంటల నలభై నిమిషాలు. అదీ అసలు ప్రయాణం. పక్కన చిన్నగా ప్లస్ ఒకటి అని ఉంటే దిగేది మర్నాడు అని అర్థం. తిరుగు టికెట్టులో పొద్దున 7:30కి ఎక్కి 10:25కి దిగుతామని ఉంటే, మూడు గంటల్లోపే అని సంబరపడకండి. దానికి రెండున్నర కలపాలి. ఐదు గంటల ఇరవై ఐదు నిమిషాలు.

ఇంకొకటి, ఇది మరీ ముఖ్యం. టికెట్టు మీద 12వ తారీఖు 00:45 అని ఉందనుకోండి. అంటే 11వ తారీఖు రాత్రి అన్నం తిని పోవాలి. 12వ తారీఖు రాత్రి పోతే విమానం వెళ్లిపోయి ఒక రోజు అయినట్టే. మా తాపీ మేస్త్రీ ఒకాయన సరిగ్గా ఇలాగే పోయాడు. మూడేళ్ల తర్వాత ఇంటికి పోతున్నాడు. అట్టపెట్టెలు తాళ్లతో కట్టి, మీద పేరు రాసి, అందరికీ చేయి ఊపి టాక్సీ ఎక్కాడు. రెండు గంటల తర్వాత అదే టాక్సీలో తిరిగొచ్చాడు. టికెట్టు డబ్బులు రాలేదు. అర్ధరాత్రి పన్నెండు దాటిన టైము కనిపిస్తే, ముందు రోజు తారీఖు పెద్దగా రాసి మంచం పక్కన అతికించుకోండి.

ఇప్పుడు అసలు లెక్కకు వద్దాం. విమానం నాలుగున్నర గంటలు. మరి గడప నుంచి గడప దాకా ఎంత?

మాది జగిత్యాల దిక్కు కాబట్టి నా లెక్కే చెప్తాను. క్యాంపు నుంచి ఎయిర్‌పోర్టుకు గంట. రియాద్ ఎయిర్‌పోర్టు ఊరికి ఉత్తరాన దూరంగా ఉంటుంది, సాయంత్రం ట్రాఫిక్కులో గంట కూడా చాలదు. విమానానికి మూడు గంటల ముందు అక్కడ ఉండాలి. విమానంలో నాలుగున్నర. శంషాబాద్‌లో దిగి ఇమిగ్రేషన్ లైను, సామాను, బయటికి రావడం గంటన్నర. అక్కడి నుంచి కారు మాట్లాడుకుని ఔటర్ ఎక్కి, శామీర్‌పేట దగ్గర రాజీవ్ రహదారి పట్టుకుని, సిద్దిపేట, కరీంనగర్ మీదుగా జగిత్యాల చేరేసరికి ఐదు గంటలు. మొత్తం పదిహేను గంటలు. అందులో గాలిలో ఉన్నది మూడో వంతు కూడా లేదు.

మన పనిలో పోలిక చెప్తాను. స్లాబు వేసేది ఒక్క పూట. చూసేవాళ్లకు అదే పని అనిపిస్తుంది. పంపు వస్తుంది, కాంక్రీటు పడుతుంది, అయిపోతుంది. కానీ సెంట్రింగు, స్టీలు కట్టడం, పైపులు పెట్టడం, ఇంజనీరు వచ్చి చూసి సంతకం పెట్టడం, వీటికి ముందు పది రోజులు పడుతుంది. స్టీలు ఒకచోట తప్పితే ట్రక్కు గేటు దగ్గరికి వచ్చినా వెనక్కి పోవాల్సిందే. విమానం అంటే ఆ కాంక్రీటు పోసే పూట. మనల్ని ఇంటికి చేర్చేది దానికి ముందు చేసిన పని.

ఇక 2017 సంగతి.

డిసెంబరు నెల, గురువారం రాత్రి ఎనిమిదింటికి తమ్ముడు ఫోను చేశాడు. "అన్నా, బాపు పోయిండు" అన్నాడు. ఇంకేం మాట్లాడలేదు. నేనూ ఏం అడగలేదు. మంచం మీద కూర్చుని నేను మొట్టమొదట చేసిన పని లెక్క వేసుకోవడం. పదకొండింటికి విమానం ఉంది, నాలుగున్నర గంటలు, రేపు మధ్యాహ్నానికి ఊళ్లో ఉంటాను. తమ్ముడికి అదే చెప్పాను. "రేపు పగటీలికి వస్త, ఉంచుండ్రి" అన్నాను.

కానీ పాస్‌పోర్టు నా దగ్గర లేదు, కంపెనీ ఆఫీసు లాకర్లో ఉంది. ఎగ్జిట్ రీ ఎంట్రీ కంపెనీయే వేయాలి. అది వేసే మనిషి గురువారం సాయంత్రమే ఇంటికి పోయాడు. 2013 నుంచి సౌదీలో శుక్ర, శని సెలవు. ఆఫీసు మళ్లీ తెరిచేది ఆదివారం. రాత్రంతా ఫోన్లు చేశాను. శుక్రవారం జుమ్మా నమాజు అయ్యాక ఒకాయన ఫోను ఎత్తాడు. మంచివాడే, ఇంటి నుంచే వీసా వేశాడు. లాకరు తాళం ఇంకొకరి దగ్గర ఉంది. పాస్‌పోర్టు చేతికి వచ్చేసరికి శుక్రవారం రాత్రి పది.

నేరు విమానంలో సీటు దొరకలేదు. స్నేహితుడు కంగారులో రెండు టికెట్లు తీశాడు, రియాద్ నుంచి బొంబాయికి ఒకటి, అక్కడి నుంచి హైదరాబాద్‌కు వేరే ఒకటి. శనివారం తెల్లవారుజామున నాలుగింటికి ఎక్కాను. బొంబాయిలో పదిన్నరకు దిగాను. పన్నెండుంపావుకు రెండో విమానం. ఇండియాలో మొదట ఎక్కడ దిగితే అక్కడే ఇమిగ్రేషన్, అక్కడే సామాను తీసుకోవాలి, కస్టమ్స్ దాటాలి, మళ్లీ లోపలి విమానానికి సామాను ఇవ్వాలి. ఇమిగ్రేషన్ లైను గంట పట్టింది. సామాను బెల్టు దగ్గర ఇంకో నలభై నిమిషాలు నిలబడ్డాను.

ఆ సామాను నాది కాదు. నాకు సామాను లేదు, రెండు జతల బట్టలున్న సంచి ఒకటే. రూములో ఒకాయన "ఎట్లాగూ పోతున్నవు కదా, మా ఇంటికి ఈ పెట్టె ఇయ్యి" అన్నాడు. ఆ సమయంలో కాదనడానికి నాకు నోరు రాలేదు. ఆయన తప్పేం లేదు, నేనే తీసుకున్నాను. ఆ పెట్టె కోసం నిలబడ్డ నలభై నిమిషాల్లో రెండో విమానం కౌంటరు మూసేశారు. వేరు వేరు టికెట్లు కాబట్టి వాళ్ల బాధ్యత ఏమీ లేదు. మూడున్నర విమానానికి కొత్త టికెట్టు కొన్నాను.

శనివారం రాత్రి పదకొండింటికి ఇంటికి చేరాను. సాయంత్రం నాలుగింటికే అయిపోయింది. రెండు రోజులు ఐసు పెట్టెలో ఉంచారు, ఇక ఊరి పెద్దలు ఆగలేదు. వాళ్లననను. తమ్ముడు నిప్పు పెట్టాడు. నేను పోయేసరికి వాకిలి కడిగి, దీపం పెట్టి ఉంది. అమ్మ నన్ను చూసి, "వచ్చినవా బిడ్డా, ఏమన్న తిన్నవా" అంది. అంతే.

తర్వాత చాలా రోజులకు లెక్క వేశాను. ఫోను వచ్చిన దగ్గర నుంచి గడప తొక్కే దాకా నలభై ఎనిమిది గంటలు దాటింది. అందులో నేను గాలిలో ఉన్నది ఐదున్నర గంటలు. మిగిలిన నలభై మూడు గంటలు నేల మీద పోయాయి. సముద్రం నన్ను ఆపలేదు, 3,390 కిలోమీటర్లు నన్ను ఆపలేదు. ఒక లాకరు తాళం, ఒక సెలవు రోజు, ఒక అట్టపెట్టె ఆపాయి.

ఇది ఏడవడానికి చెప్పడం లేదు అన్నా. ఆ నలభై మూడు గంటల్లో చాలా గంటలు ముందే తగ్గించుకోవచ్చు. అవి ఎలాగో చెప్పడానికే ఈ రోజు కూర్చున్నాను.

మొదటిది కాగితాలు. పాస్‌పోర్టు మీ దగ్గరే ఉండాలి, అది మీ హక్కు. గడువు ఏడాది లోపల ఉన్నప్పుడే రెన్యువల్‌కు పెట్టుకోవచ్చు, ఆరు నెలల కిందికి రానివ్వకండి. ఇకామా తేదీ చూసుకోండి. సౌదీలో 2021 మార్చి 14 నుంచి రూలు మారింది. ప్రైవేటు కంపెనీల్లో పనిచేసేవాళ్లు ఎగ్జిట్ రీ ఎంట్రీకి అబ్‌షేర్‌లో సొంతంగా పెట్టుకోవచ్చు, కంపెనీకి కబురు దానంతట అదే పోతుంది. ఇంటి పనివాళ్లకు, ఇంటి డ్రైవర్లకు, గొర్రెల కాపరులకు, తోటపని వాళ్లకు ఆ మార్పు వర్తించదు. వాళ్లు ముందే యజమానితో మాట్లాడి పెట్టుకోవాలి. అబ్‌షేర్ ఖాతా ఈ రోజే తెరవండి, పాస్‌వర్డు గుర్తుంచుకోండి. ఫోను వచ్చిన రాత్రి తెరుద్దామంటే చేతులు వణుకుతాయి.

వీసా వచ్చాక ఒక్కసారి చదవండి. ఖురూజ్ వ ఔదా అంటే పోయి రావడం. ఖురూజ్ నిహాయీ అంటే ఇక రాకపోవడం. తొందరలో రెండోది పడితే ఉద్యోగం పోతుంది. ఒకసారి పోయి వచ్చే వీసాకు రెండు నెలల దాకా 200 రియాల్. కార్మిక చట్టం 40వ ఆర్టికల్ ప్రకారం ఆ ఖర్చు కంపెనీది. 113వ ఆర్టికల్ ప్రకారం తల్లిదండ్రులు, భార్య, పిల్లలు పోతే ఐదు రోజులు జీతంతో సెలవు ఉంది. ఐదు రోజుల్లో రాను పోను రెండు రోజులు దారికే పోతాయి, కాబట్టి ఏడాది సెలవులో కొన్ని రోజులు కలిపి అడగండి.

రెండోది దారి. మీ ఊరికి ఏ ఎయిర్‌పోర్టు దగ్గరో ఇప్పుడే చూసుకోండి. అందరికీ హైదరాబాదే దగ్గర కాదు. కడప, రాజంపేట వాళ్లకు చెన్నై గానీ బెంగళూరు గానీ దగ్గర పడుతుంది. ఆదిలాబాద్ వాళ్లు నాగపూర్ కూడా చూడాలి. శ్రీకాకుళం వాళ్లు విశాఖకు ఒకే టికెట్టు మీద ఏం దొరుకుతుందో చూడాలి. మీ ఊరి నుంచి రాత్రయినా వచ్చే కారు డ్రైవరు నంబరు ఫోనులో ఉండాలి.

మూడోది టికెట్టు. తొందర ఉన్నప్పుడు నేరు విమానం పన్నెండు గంటల తర్వాత ఉన్నా, మారి పోయే విమానం కన్నా అదే ముందు చేర్చవచ్చు. బయలుదేరే టైము చూడొద్దు, ఇంటికి చేరే టైము చూడండి. మారక తప్పకపోతే రెండు ప్రయాణాలూ ఒకే టికెట్టు మీద ఉండాలి. బొంబాయి, ఢిల్లీ మీదుగా అయితే మధ్యలో కనీసం నాలుగు గంటలు ఉంచుకోండి.

నాలుగోది సామాను. అలాంటి ప్రయాణానికి చేతి సంచి తప్ప ఏదీ వద్దు. ఎవరైనా పెట్టె ఇస్తే కాదనండి. ఇచ్చేవాళ్లూ దయచేసి ఇవ్వకండి.

అయిదోది డబ్బు. ఒక టికెట్టు, ఒక కారు కిరాయి, అంత సొమ్ము వేరుగా పెట్టుకోండి. చిట్టీకి గానీ, అప్పుకు గానీ, పండుగకు గానీ దాన్ని ముట్టుకోవద్దు.

పోయిన ఏడాది మా సైటులో కార్పెంటర్ ఒకతనికి వాళ్లమ్మ పోయిందని ఫోను వచ్చింది. మాది పక్క పక్క ఊళ్లే. నా కథ అతనికి తెలుసు, కాగితాలన్నీ ముందే సర్దుకుని ఉన్నాడు. నేను అతని పక్కనే కూర్చున్నాను. ఒక గంటలో వీసా వచ్చింది. నేరు విమానం దొరికింది. ఒక సంచి భుజాన వేసుకుని పోయాడు. మర్నాడు ఫోను చేసి, "అన్నా, అందుకున్న. పదహారు గంటలు పట్టింది" అన్నాడు. అందుకున్న అన్నాడు, అంతకన్నా ఏం కావాలి. ఆ మాట విన్నాక నాకు ఆ రాత్రి నిద్ర పట్టింది.

కోరుట్ల పిల్లగాడికి ఆ రోజు నేనిచ్చిన జవాబు ఇదే. "తమ్మీ, మీ ఊరు పదిహేను గంటల దూరం. కాగితాలు సరిగ్గా ఉంటేనే. లేకుంటే రెండు రోజుల దూరం." మర్నాడు పొద్దున్నే వాడు తన పాస్‌పోర్టు తీసి తేదీ చూసుకుంటుంటే చూశాను.

మీరు కూడా ఈ రోజు ఒక పని చేయండి. ఒక కాగితం తీసుకుని, మీ మంచం దగ్గర నుంచి మీ ఇంటి గడప దాకా గంటలు రాయండి. ఎక్కడ ఎంత పడుతుందో, ఏ తాళం ఎవరి దగ్గర ఉందో రాయండి. ఆ లెక్క పండుగకు పోయేటప్పుడు మాత్రమే అవసరపడాలని కోరుకుంటున్నాను. ఇంటికి ఫోను చేశారా ఈ రోజు? అక్కడ ఇప్పటికే రెండున్నర గంటలు ముందుంది, పడుకోకముందే చేయండి.

ఉంటాను మరి. నమస్తే.